అప్‌డేట్ తర్వాత బ్రైట్‌నెస్ స్లైడరే మాయం: డ్రైవర్ గొడవా, స్క్రీన్ పోయిందా?

కొత్తఛార్జర్ (ప్రశ్న):

15.6 అంగుళాల ల్యాప్‌టాప్. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-10210యూ, దాంతోపాటు ఎన్విడియా ఎంఎక్స్250 కార్డు ఉంది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి విండోస్ 11కి మార్చాను. అప్పటినుంచి స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లోనే ఉండిపోయింది.

గడియారం పక్కన నొక్కితే వచ్చే ప్యానెల్‌లో సౌండ్ స్లైడర్ ఉంది, సూర్యుడి గుర్తున్నది లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే తెరిచినా లేదు. ఎఫ్‌ఎన్ పట్టుకుని బ్రైట్‌నెస్ కీలు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

ఇప్పటిదాకా చేసినవి: నాలుగైదు రీస్టార్ట్‌లు, ఎన్విడియా కొత్త డ్రైవర్ రెండుసార్లు, నైట్ లైట్ ఆన్ (రంగు పసుపు తిరిగింది తప్ప వెలుతురు తగ్గలేదు). రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ పట్టిక) ఏదో విలువ మార్చమని చాలాచోట్ల రాశారు, అది ఇంకా ముట్టుకోలేదు. ప్యానెల్ మార్చాల్సిందేనా?

డ్రైవర్‌గారడీ:

ప్యానెల్ జోలికి అప్పుడే పోకండి. స్లైడర్ ఉండి, జరిపినా వెలుతురు మారకపోవడం ఒక సమస్య. స్లైడరే కనిపించకపోవడం వేరే సమస్య. మీది రెండోది.

గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ చిప్‌ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) "ఈ స్క్రీన్ బ్యాక్‌లైట్ (వెనక వెలిగే దీపం) నా చేతిలో ఉంది" అని చెప్తేనే విండోస్ ఆ స్లైడర్ చూపిస్తుంది. చెప్పే డ్రైవర్ లేకపోతే స్లైడర్ తీసేస్తుంది. అప్పుడు ఎఫ్‌ఎన్ కీలకూ పని ఉండదు, ఎందుకంటే అవి నొక్కేదీ అదే తలుపు.

ఎన్విడియా డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా లాభం లేకపోయింది ఎందుకంటే, మీలాంటి రెండు గ్రాఫిక్స్ ఉన్న మెషీన్లలో స్క్రీన్ కేబుల్ వెళ్లేది ఇంటెల్ వైపుకి. ఎంఎక్స్250 బొమ్మ లెక్కలు కట్టి ఇంటెల్‌కి అందిస్తుంది, అంతే. బ్యాక్‌లైట్‌తో దానికి సంబంధం లేదు. ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో మక్స్ స్విచ్ (స్క్రీన్‌ని ఏ గ్రాఫిక్స్‌కి కలపాలో మార్చేది) ఉండి, దాన్ని డిస్క్రీట్ (విడి కార్డు) మోడ్‌లో పెడితే మాత్రం లెక్క తిరగబడుతుంది. అప్పుడు ప్యానెల్ నేరుగా ఎన్విడియాకి తగులుకుంటుంది, బ్రైట్‌నెస్ కూడా దాని డ్రైవర్ చేతికే పోతుంది.

రెండు సంగతులు చూసి చెప్పండి.

ఒకటి, స్టార్ట్ మెనూలో పవర్ గుర్తు నొక్కితే "స్లీప్" ఉందా, లేక షట్‌డౌన్, రీస్టార్ట్ మాత్రమేనా? అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ లేకపోతే స్లీప్ కూడా పోతుంది. అర నిమిషంలో తేలిపోయే పరీక్ష ఇది.

రెండు, విండోస్ కీ + ఎక్స్ నొక్కి డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏ పేర్లున్నాయో చూడండి. ఇంటెల్ పేరు ఉండాల్సిన చోట "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే దొంగ దొరికినట్టే. దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్ ట్యాబ్, కింది జాబితాలో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. వెన్ పక్కన 8086 ఉంటే ఇంటెల్, 10డీఈ ఉంటే ఎన్విడియా, 1002 ఉంటే ఏఎండీ.

కొత్తఛార్జర్:

స్లీప్ లేదండీ, ఇప్పుడే గమనించాను. డివైస్ మేనేజర్‌లో ఎన్విడియా ఒకటి, మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ ఒకటి. ఐడీలో వెన్ 8086, డెవ్ 9బీ41.

డ్రైవర్‌గారడీ:

9బీ41 అంటే మీ ప్రాసెసర్‌లో ఉండే ఇంటెల్ యూహెచ్‌డీ గ్రాఫిక్సే. చిప్ బాగానే ఉంది, డ్రైవర్ ఊడిపోయింది. వరస తప్పకుండా చేయండి.

ముందు బిట్‌లాకర్ సంగతి. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషీన్లలో మనకి తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అవుతుంది. సేఫ్ మోడ్‌కో బయాస్ (విండోస్‌కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌కో వెళ్లినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడిగితే చేతిలో లేక తెల్లమొహం వేయాల్సి వస్తుంది. మీ అకౌంట్ పేజీలో ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకోండి.

తర్వాత ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సపోర్ట్ పేజీలో అడుగున స్టిక్కర్ మీది సీరియల్ నంబర్ ఇచ్చి, విండోస్ 11 గ్రాఫిక్స్ డ్రైవర్ దించుకోండి. అక్కడ లేకపోతే ఇంటెల్ సైట్‌లో 7 నుంచి 10వ తరం ప్రాసెసర్లకి వేరే ప్యాకేజీ ఉంటుంది, అది. 11వ తరం, ఆపై వాటికిచ్చే ప్యాకేజీ మీ చిప్‌కి ఎక్కదు. "ఈ కంప్యూటర్‌కి సరిపోదు" అనే మెసేజ్ చూసి చాలామంది చిప్ పాడైందనుకునేది ఇక్కడే.

ఫైల్ దిగాక వైఫై ఆపేయండి, లాన్ వైరు ఉంటే పీకేయండి. ఇది మరిచిపోతే మీరు పాత డ్రైవర్ తీసిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్న డ్రైవర్ తెచ్చి కూర్చోబెడుతుంది, మీరు పెట్టేది దాని మీద తగువుపడుతుంది.

డివైస్ మేనేజర్‌లో ఆ బేసిక్ అడాప్టర్ మీద రైట్ క్లిక్, అన్ఇన్‌స్టాల్ డివైస్. "అటెంప్ట్ టు రిమూవ్ ద డ్రైవర్" అనే టిక్ కనిపిస్తే పెట్టండి, బేసిక్ అడాప్టర్‌కి సాధారణంగా రాదు. రీస్టార్ట్ చేసి, దించిన ఇన్‌స్టాలర్ నడపండి. మధ్యలో రెండు మూడుసార్లు స్క్రీన్ నల్లబడుతుంది, పది ఇరవై సెకన్లు అలాగే ఉండొచ్చు. కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి. అయ్యాక మళ్లీ రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం దీనికి సాటిరాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) స్థితి డిస్క్‌లో దాచుకుని మళ్లీ అదే లేపుతుంది, పాత డ్రైవర్ చెత్త అలాగే ఉండిపోవచ్చు.

ఇన్‌స్టాలర్ మొండికేస్తే ఫైల్‌ని సెవెన్‌జిప్‌తో విప్పి, డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మీ పిక్, హావ్ డిస్క్ దారిలో ఆ ఫోల్డర్‌లోని ఐఎన్‌ఎఫ్ ఫైల్ చూపించండి.

డిస్‌ప్లే డ్రైవర్ అన్ఇన్‌స్టాలర్ అనే ఉచిత టూల్ ఉంది, సేఫ్ మోడ్‌లో నడిపితే అన్నీ ఊడ్చేస్తుంది. మీకు ఇప్పుడు అక్కర్లేదు. ఒక డ్రైవర్ మీద ఇంకొకటి పడి ముడిపడినవాళ్లకి అది, మీకు అసలు డ్రైవరే లేదు.

తాళంకప్ప:

గారడీ గారు చెప్పింది అక్షరాలా నిజం. మూడు సంగతులు చేరుస్తాను.

డివైస్ మేనేజర్‌లో మానిటర్స్ అనే విభాగం కూడా విప్పి చూడండి. అక్కడ జెనరిక్ పీఎన్‌పీ మానిటర్ పక్కన కిందికి చూసే బాణం ఉంటే అది డిజేబుల్ అయిందని అర్థం. గ్రాఫిక్స్ డ్రైవర్ సలక్షణంగా ఉన్నా స్లైడర్ రాదు. రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేస్తే చాలు. రిమోట్ డెస్క్‌టాప్ యాప్‌లు కొన్ని తమ సొంత మానిటర్ డ్రైవర్‌ని ఇక్కడ దూర్చేస్తాయి. అలాంటిది కనిపిస్తే అప్‌డేట్ డ్రైవర్, లెట్ మీ పిక్ దారిలో జెనరిక్ పీఎన్‌పీకి మార్చండి.

రిజిస్ట్రీ మందు గురించి: ఫీచర్‌టెస్ట్‌కంట్రోల్ అనే విలువని ఎఫ్‌బీ20 చేయమనే చిట్కా ఎన్నో ఏళ్ల నాటి ఇంటెల్ డ్రైవర్లకి రాసింది. బేసిక్ అడాప్టర్ నడుస్తున్నప్పుడు ఆ విలువని చదివే నాథుడే లేడు. ఏఎండీ వాళ్లకి చెప్పే బ్రైట్‌నెస్‌ఇంటర్‌ఫేస్2 విలువ సున్నా చేయడం కొన్ని పాత మెషీన్లలో పనిచేస్తుంది కానీ, డ్రైవర్ మారినప్పుడల్లా కొట్టుకుపోతుంది. ముట్టుకోకుండా మంచిపని చేశారు.

స్లైడర్ వచ్చి కీలు మాత్రం పనిచేయకపోతే గ్రాఫిక్స్‌ని వదిలేసి కంపెనీ హాట్‌కీ ప్యాకేజీ వేయండి. లెనోవోలో లెనోవో హాట్‌కీస్, అసూస్‌లో అసూస్ సిస్టమ్ కంట్రోల్ ఇంటర్‌ఫేస్, ఇలా కంపెనీకో పేరు. దానికన్నా ముందు ఎఫ్‌ఎన్ + ఎస్కేప్ ఒకసారి నొక్కి చూడండి, చాలా కీబోర్డుల్లో ఎఫ్‌ఎన్ లాక్ అదే.

కొత్తఛార్జర్:

వచ్చేసింది! కంపెనీ సైట్ డ్రైవరే ఎక్కింది. స్లైడర్, కీలు, స్లీప్ అన్నీ వచ్చాయి. మీ ఇద్దరికీ ధన్యవాదాలు.

కాని కొత్త తిరకాసు. ఛార్జర్ పెట్టి ఉన్నంతసేపూ బాగుంది. తీసేస్తే స్లైడర్ కదలకుండానే వెలుతురు మారుతోంది. నల్లటి విండో తెరిస్తే ఒకటి రెండు సెకన్లలో మసకబారుతుంది, తెల్ల పేజీకి వస్తే మళ్లీ మెల్లగా పెరుగుతుంది.

డ్రైవర్‌గారడీ:

కొత్త డ్రైవర్ దాని ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌తో వచ్చింది కదా, బ్యాటరీ పొదుపు కూడా వెంట తెచ్చుకుంది. చీకటి బొమ్మ వచ్చినప్పుడు బ్యాక్‌లైట్ తగ్గించి, పిక్సెల్స్‌ని ఆ మేరకు ప్రకాశవంతం చేసి తేడా తెలియకుండా చూడాలని దాని ఎత్తు. తేడా తెలుస్తూనే ఉంటుంది, అది వేరే సంగతి. ఫోటోలకి రంగులు దిద్దేవాళ్లు దీన్ని మొదటే ఆపేయాలి.

ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్ తెరిచి సిస్టమ్, పవర్‌లోకి వెళ్లండి. ఆన్ బ్యాటరీ కింద "డిస్‌ప్లే పవర్ సేవింగ్స్" ఉంటుంది, ఆఫ్ చేయండి. యాప్ లేకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరుకుతుంది. ఏఎండీ మెషీన్లలో ఇదే సరుకు పేరు వేరీ-బ్రైట్, ఏఎండీ సాఫ్ట్‌వేర్ డిస్‌ప్లే పేజీలో ఉంటుంది.

తగ్గకపోతే విండోస్ సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలో బ్రైట్‌నెస్ పక్క బాణం విప్పండి. "చేంజ్ బ్రైట్‌నెస్ బేస్డ్ ఆన్ కంటెంట్" అని ఉంటే ఆఫ్‌లో పెట్టండి. దాని దగ్గర్లోనే "వెన్ లైటింగ్ చేంజెస్" అనేది కనిపిస్తే మీ మెషీన్‌లో లైట్ సెన్సర్ ఉందని అర్థం, గదిలో వెలుతురును బట్టి మార్చేది అది. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోకండి: వెబ్‌క్యామ్ దగ్గర వేలు అడ్డం పెడితే మసకబారితే సెన్సర్, పేజీ మారితే మసకబారితే కంటెంట్.

ఛార్జర్ తీసిన క్షణంలో ఒక్కసారి తగ్గి అక్కడే నిలిచిపోతే అది ఎనర్జీ సేవర్ పని కావచ్చు. పవర్ అండ్ బ్యాటరీలో "లోయర్ స్క్రీన్ బ్రైట్‌నెస్" టిక్ తీసేయాలి.

ఇవన్నీ ఆపినా పేజీని బట్టి మారుతుంటే పొదుపు ప్యానెల్ లోపలే ఉందన్నమాట. దాన్ని బయాస్‌లోనో కంపెనీ యాప్‌లోనో ఇచ్చిన స్విచ్‌తోనే ఆపగలం, ఇవ్వకపోతే లేదు.

ఓరుగల్లు_పెంగ్విన్:

ఉబుంటు (లినక్స్) వాళ్లు ఇదే వెతుక్కుంటూ ఇక్కడికి వస్తారు కాబట్టి ఒక ముక్క. కెర్నల్ అప్‌డేట్ తర్వాత బ్రైట్‌నెస్ పోతే ముందు గ్రబ్ (ఆన్ చేయగానే ఏ సిస్టమ్ లేపాలో అడిగేది) మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో లేపండి. అందులో పనిచేస్తే తప్పు కెర్నల్ వైపుది, మీ డెస్క్‌టాప్ సెట్టింగ్స్ గోకాల్సిన పనిలేదు.

తర్వాత సిస్, క్లాస్, బ్యాక్‌లైట్ ఫోల్డర్‌లో ఏముందో చూడండి. ఇంటెల్_బ్యాక్‌లైట్, ఏఎండీజీపీయూ_బీఎల్1, ఏసీపీఐ_వీడియో0, ఎన్విడియా_0, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఖాళీగా ఉంటే గ్రబ్ ఫైల్‌లో "నోమోడ్‌సెట్" మిగిలిపోయిందేమో చూడండి. ఇన్‌స్టాల్ చేసేరోజు స్క్రీన్ రాలేదని పెట్టి, తర్వాత తీయడం మరిచిపోయే మాట అది. అది ఉన్నంతవరకు గ్రాఫిక్స్ డ్రైవర్ స్క్రీన్‌ని పట్టుకోదు.

ఏదో ఒకటి ఉండి వెలుతురు మారకపోతే కెర్నల్‌కి తప్పు దారి చూపించారన్నమాట. 6.1కి ముందు ఒకే స్క్రీన్‌కి రెండు మూడు ఇంటర్‌ఫేస్‌లు కనిపించేవి, డెస్క్‌టాప్ ఒకటి ఎంచుకునేది. 6.1 నుంచి కెర్నలే ఒకదాన్ని ఎంచుకుని మిగతావి దాచేస్తుంది. అందుకే ఎప్పుడో పాత రోజుల్లో గ్రబ్‌లో రాసిపెట్టిన "ఏసీపీఐ_బ్యాక్‌లైట్=వెండర్" ఇప్పుడు మందుకి బదులు జబ్బవుతుంది. ముందు దాన్ని తీసేసి చూడండి. అప్పటికీ కాకపోతే ఆ చోట నేటివ్, అదీ కాకపోతే వీడియో. ఫైల్ మార్చకముందే పరీక్షించాలంటే గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ 'e' కీ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరస చివర ఆ మాట చేర్చి ఎఫ్10 కొట్టండి. ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది, చెడినా రీస్టార్ట్‌తో సరి. పనిచేసిందనుకున్నాకే గ్రబ్ ఫైల్‌లో రాసి, అప్‌డేట్-గ్రబ్ నడపండి.

ఏఎండీ వాళ్లు సొంత స్క్రిప్ట్‌లు రాసుకుని ఉంటే, అప్‌డేట్ తర్వాత బీఎల్0 కాస్తా బీఎల్1 అయిందేమో చూసుకోండి. స్క్రిప్ట్ లేని ఫోల్డర్‌లోకి రాస్తూ కూర్చుంటుంది. బ్యాటరీ మీద రంగులు వెలిసిపోయినట్టుంటే కెర్నల్ 6.9తో వచ్చిన ప్యానెల్ పవర్ సేవింగ్స్‌ని పవర్ ప్రొఫైల్స్ డీమన్ వాడుకుంటోంది, పైన చెప్పిన వేరీ-బ్రైట్‌కి తమ్ముడే. ఏఎండీజీపీయూ.ఏబీఎంలెవెల్=0 అని గ్రబ్‌లో పెడితే ఆగుతుంది.

బ్రైట్‌నెస్ ఫైల్‌లో చేత్తో సున్నా రాయకండి. కొన్ని ప్యానెల్స్‌లో సున్నా అంటే అతి తక్కువ కాదు, పూర్తిగా ఆఫ్.

టంకంబిళ్ళ:

సర్వీస్ బెంచ్ మీద చూసేవాళ్ల వైపు నుంచి. అప్‌డేట్ రోజే హార్డ్‌వేర్ పోవడం అరుదు కానీ జరుగుతుంది, నెపం అప్‌డేట్ మీదికి పోతుంది. విప్పకుండా తేల్చుకునే పరీక్షలు మూడున్నాయి.

మెషీన్ ఆన్ చేయగానే ఎఫ్2, ఎఫ్10, డిలీట్‌లలో మీ కంపెనీది నొక్కి బయాస్‌లోకి వెళ్లండి. అక్కడ విండోస్ ఉండదు. బయాస్‌లోనూ స్క్రీన్ మిణుకుమంటుంటే, మసగ్గా ఉంటే డ్రైవర్‌కి పాపం అంటగట్టకండి. ఎఫ్‌ఎన్ బ్రైట్‌నెస్ కీలు చాలా మెషీన్లలో బయాస్‌లోనూ పనిచేస్తాయి, అదీ చూడండి.

స్క్రీన్ నల్లగా ఉంటే చీకటి గదిలో ఫోన్ టార్చ్ వాలుగా కొట్టండి. లోపల ఐకాన్లు మసగ్గా కనిపిస్తే బొమ్మ వస్తోంది, బ్యాక్‌లైటే లేదు. అప్పుడు అనుమానం బ్యాక్‌లైట్ ఫ్యూజ్, కేబుల్, ప్యానెల్‌లోని ఎల్ఈడీ పట్టీ, ఈ వరసలో. ఓలెడ్ ప్యానెల్‌కి ఈ పరీక్ష పనికిరాదు, దానికి బ్యాక్‌లైటే ఉండదు.

మూత మెల్లగా ముందుకీ వెనక్కీ వంచండి. ఒక కోణంలో వెలుతురు మారితే హింజ్ దగ్గర కేబుల్ నలిగింది. ఆ కేబుల్‌లో బొమ్మ తీగలు వేరు, బ్యాక్‌లైట్ ఆన్ చేసే తీగ వేరు, ఎంత వెలగాలో చెప్పే పీడబ్ల్యూఎం తీగ వేరు. ఆ చివరిది ఒక్కటే తెగితే బొమ్మ శుభ్రంగా ఉంటుంది, స్లైడర్ కదులుతుంది, వెలుతురు మాత్రం మారదు. డ్రైవర్ జబ్బులాగే కనిపిస్తుంది. ఇదివరకు స్క్రీన్ మార్పించిన మెషీన్ అయితే ముందు దీన్నే అనుమానించాలి.

విప్పాల్సి వస్తే ఛార్జర్ తీయడంతో సరిపెట్టకండి, అడుగున బ్యాటరీ కనెక్టర్ పీకాకే స్క్రీన్ కేబుల్ ముట్టుకోండి. మెషీన్ ఆఫ్‌లో ఉన్నా బ్యాక్‌లైట్ లైనులో బ్యాటరీ వోల్టేజీ ఉండొచ్చు. కనెక్టర్ కాస్త వంకరగా లాగితే ఆ పిన్ను పక్క పిన్నుకి తగిలి ఫ్యూజ్ పోతుంది, ఖర్మకాలితే డిస్‌ప్లే లైను కూడా పోతుంది. కొత్త ప్యానెల్ కొనేటప్పుడు పాతదాని వెనక స్టిక్కర్ మీది నంబర్ చూసి అదే తెప్పించండి. 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీకి మామూలుగా 30 పిన్నులు, 120, 144 హెర్ట్జ్ వాటికి చాలావరకు 40. సైజు ఒకటే కదా అని తెస్తే కనెక్టర్ దగ్గర ఆగిపోతారు.

కొత్తఛార్జర్:

డిస్‌ప్లే పవర్ సేవింగ్స్ ఆఫ్ చేశాక బ్యాటరీ మీద కూడా నిలకడగా ఉంది. చివరి ప్రశ్న: వైఫై ఆన్ చేశాక విండోస్ అప్‌డేట్ ఈ డ్రైవర్‌ని మళ్లీ మార్చేస్తే?

తాళంకప్ప:

మార్చేయొచ్చు. ప్రో ఎడిషన్ అయితే గ్రూప్ పాలసీలో విండోస్ అప్‌డేట్ కింద "డు నాట్ ఇన్‌క్లూడ్ డ్రైవర్స్ విత్ విండోస్ అప్‌డేట్స్" ఎనేబుల్ చేయండి. హోమ్ ఎడిషన్‌లో ఆ కిటికీ లేదు. స్టార్ట్‌లో "డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్" అని వెతికి, "నో" ఎంచుకుని సేవ్ చేయండి. దీనివల్ల కొత్త ప్రింటర్ తగిలించినా డ్రైవర్ దానంతటదే రాకపోవచ్చు, అప్పుడు గుర్తుపెట్టుకోండి. ఆప్షనల్ అప్‌డేట్స్ పేజీలో గ్రాఫిక్స్ డ్రైవర్ కనిపిస్తే టిక్ పెట్టకండి, అక్కడ ఉన్నంతమాత్రాన అది కొత్తదని కాదు. తేదీ పోల్చి చూడండి.

ఒకవేళ మారిపోతే డివైస్ మేనేజర్‌లో ఇంటెల్ మీద ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, రోల్ బ్యాక్ డ్రైవర్. ఈసారి పాతది మంచిది కాబట్టి ఆ బటన్ పనికొస్తుంది. పాత ప్యాకేజీ డిస్క్‌లో లేకపోతే బటన్ బూడిద రంగులో ఉంటుంది, అందుకని ఇప్పుడు దించిన ఇన్‌స్టాలర్‌ని డౌన్‌లోడ్స్‌లో వదిలేయకుండా ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.